మూడో గడి

సామాజిక శాస్త్రాల భవనంలోకి అడుగుపెట్టి, మెట్ల కింద వాలుగా దిగిన కప్పు తలకి తగలకుండా కాస్త వంగి చూస్తే జిరాక్స్ బాబాయ్ కనిపిస్తాడు. ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు లేక కాదు. గుర్తింపు కార్డు మీద అది ఇప్పటికీ ఉంది. దాన్ని చదివినవాళ్ళు తక్కువ, దానితో పిలిచినవాళ్ళు ఇంకా తక్కువ. పదకొండేళ్ళుగా ఆ మెట్ల కింద రెండు జిరాక్స్ మిషన్లు, ఒక బైండింగ్ మిషను, ఒక ఎత్తుపీట, దాని మీద ఒక బాబాయ్. మిషన్లు ఈలోపు రెండుసార్లు మారాయి, ఆయన మారలేదు.

ఆయనకో నియమం ఉంది. చేతికొచ్చిన కాగితం చదవడు. అంచులు చూస్తాడు, మడత చూస్తాడు, పిన్ను ఉందో లేదో చూస్తాడు. అక్షరాల జోలికి మాత్రం వెళ్ళడు. పరీక్ష పేపర్లన్నీ ఆయన చేతుల మీదుగానే పోతాయి, పదకొండేళ్ళలో ఒక్క ప్రశ్న బయటికి పొక్కలేదు. ఒకసారి ఒకే గదిలో కూర్చునే ఇద్దరు అధ్యాపకులు ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు రాసుకుని, ఒకే రోజు, పావుగంట తేడాతో ఆయన దగ్గరికే తెచ్చారు. ఇద్దరివీ రెండేసి కాపీలు తీసి, చెరో కవర్లో పెట్టి, ఇద్దరికీ ఒకేలా తల ఊపి పంపించాడు. ఎవరేం రాశారని టీ దగ్గర ఎంతమంది గుచ్చిగుచ్చి అడిగినా, అంచులు కాస్త నలిగాయి అని మాత్రం చెప్పాడు.

ఆ భవనం పై అంతస్తులో పరిశోధన చేసే పిల్లలుంటారు. మామూలు మనుషులు తీవ్రవాదులుగా ఎలా మారతారు, పార్టీల పేరు చెప్పి అన్నదమ్ములూ ఇరుగుపొరుగులూ ఎందుకు విడిపోతారు, పక్కవాడి మీద ద్వేషం ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుంది, ఇవీ వాళ్ళ చదువులు. కనిపెట్టారో లేదో బాబాయ్‌కి తెలియదు. కాగితం మాత్రం బాగా ఖర్చు చేశారని సాక్ష్యం చెప్పగలడు. పిల్లల పేర్లు గుర్తుండవు కాబట్టి ఎవరి అంశంతో వాళ్ళని పిలుస్తాడు. విద్వేషం పాప, పుకార్ల బాబు, జెండాల అబ్బాయి, ఇలాగ. ఒకసారి భవనం బయట మెట్ల మీద నుంచి రోడ్డు అవతల నిలబడ్డ కుర్రాడికి వినపడేలా, "తీవ్రవాదం, నీవి రెండు పెట్టెలు రెడీగా ఉన్నాయి, వచ్చి పట్టుకెళ్ళు" అని కేకేశాడు. గేటు దగ్గర కాపలా ఉన్న పోలీసు చేతిలోని టీ గ్లాసు అక్కడే పెట్టేశాడు. ఆ పెట్టెల్లో ఉన్నవి బైండు చేసిన సిద్ధాంత గ్రంథాలని నమ్మించడానికి ప్రొఫెసరు గారు స్వయంగా కిందికి దిగి రావాల్సి వచ్చింది. ఆ రోజు నుంచీ కేకలు మానేశాడు, పిలుపు మాత్రం మార్చలేదు.

ఈ పిల్లలకి ఒక అలవాటుంది. ప్రశ్నల పట్టిక తయారుకాగానే ఊరి మీద పడరు. ముందు ఎవరి మీదనైనా ఒకసారి ప్రయోగించి, ప్రశ్నలు అర్థమవుతున్నాయా, ఎంతసేపు పడుతోంది అని చూసుకుంటారు. కాపీలు తీసే మనిషి ఎలాగూ ఎదురుగా ఉంటాడు, ఎక్కడికీ పారిపోడు. అందుకని పదకొండేళ్ళుగా ఆ ప్రయోగమంతా బాబాయ్ మీదే. ప్రతి ప్రశ్నకీ అయిదు గడులుంటాయి. ఒకటి అంటే అస్సలు కాదు, అయిదు అంటే ముమ్మాటికీ అవును. అవతలి పార్టీవాళ్ళు దేశానికి ప్రమాదమా, వాళ్ళ పిల్లని మీ ఇంటి కోడలిగా తెచ్చుకుంటారా, వాళ్ళ కొట్లో సరుకులు కొంటారా. బాబాయ్ అన్నిటికీ మూడు మీద సున్నా చుడతాడు. అవునూ కాదు, కాదూ కాదు.

ఆ మూడు ఎలా పుట్టిందో ఆయనకే తెలుసు. మొదటి ఏడాది ఒక అబ్బాయి తెచ్చిన పట్టికలో ఏదో ప్రశ్నకి బాబాయ్ అయిదు వేశాడు. వెంటనే ఆ అబ్బాయి కళ్ళు మెరిసి, ఎందుకు, ఎప్పటినుంచి, ఎవరివల్ల అని ఇంకో ఆరు ప్రశ్నలు తీశాడు. మిషను ముందు ఎనిమిది మంది వరసలో నిలబడి గొణుగుతున్నారు. తర్వాతి ప్రశ్నకి ఒకటి వేస్తే మళ్ళీ ఆరు ప్రశ్నలు. మూడు వేస్తే ఎవరూ ఏమీ అడగలేదు. అంతే, ఆ గడిలోనే స్థిరపడిపోయాడు.

పిల్లలు మాత్రం దీన్ని ఎక్కడికో తీసుకెళ్ళారు. ఇంత సమతూకంగా ఆలోచించే మనిషి ఈ రోజుల్లో దొరకడని తీర్మానించారు. ప్రొఫెసరు గారు క్లాసులో, ద్వేషాన్ని కొలవాలంటే ముందు సున్నా ఎక్కడుందో తెలియాలి, మన సున్నా మెట్ల కింద ఉంది, అని చెప్పారట. రెండు గ్రంథాల ముందు పేజీలో కృతజ్ఞతలు కూడా రాశారు. ఆ పేజీని బాబాయ్ చదవలేదు, ఎవరో చదివి వినిపించారు. విని మొహమాటంగా నవ్వి, ఆ వారమంతా కాస్త నిటారుగా నడిచాడు, కప్పుకి రెండుసార్లు తల కొట్టుకున్నాడు కూడా. ఇంటికెళ్ళి చెబితే భార్య, "గోడ మీద పిల్లికి సన్మానం చేశారన్నమాట" అని కూరగాయలు తరుక్కుంటూ కూర్చుంది. ఆవిడ బాధ ఆవిడది. వంట ఎలా ఉందని అడిగినా ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆవిడకి దొరికేది మూడే.

ఇలా ఉండగా దూరాల అమ్మాయికి పని పీకల మీదికి వచ్చింది. ఈ అమ్మాయి అంశం, రాజకీయాల వల్ల మాటలు మానేసిన రక్తసంబంధీకులు. జంటగా ఇద్దరినీ పట్టుకోవాలి. ఒక్కొక్కరూ రెండేసి పట్టికలు నింపాలి. మొదటిది తమ సొంత అభిప్రాయాలు. రెండోది, అవతలి మనిషి తన పట్టిక ఎలా నింపి ఉంటాడో ఊహించి నింపడం. ఒకరినొకరు ఎంత తప్పుగా అర్థం చేసుకుంటే అంత దూరమవుతారని ఆ అమ్మాయి సిద్ధాంతం. ఇరవై రెండు జంటలు కావాలి. మాటలు లేనివాళ్ళని ఇద్దరినీ ఒప్పించడం ఎంత కష్టమో ఆ అమ్మాయి చెప్పుల్ని అడిగితే చెబుతాయి. ఎలాగో ఇరవై రెండూ పోగుచేసింది. గడువు ఇంకో వారం ఉందనగా, చివరి జంట, పెద్దనాన్న కొడుకూ చిన్నాన్న కొడుకూ, ఆస్పత్రిలో ఎవరినో చూడ్డానికి వెళ్ళి అక్కడే రాజీపడిపోయి, నవ్వుకుంటూ కలిసి ఆ అమ్మాయి ముందుకొచ్చారు.

"కలిసిపోయారు బాబాయ్" అని ఆ అమ్మాయి మెట్ల కింద కూర్చుని కన్నీళ్ళు పెట్టుకుంది. "ఒక్క వారం ఆగలేకపోయారు."

బాబాయ్ ఓదార్చడానికి నోరు తెరిచాడు. పోనీలే అమ్మా, లోకంలో విడిపోయినవాళ్ళకి కరువా, అందామనుకున్నాడు. నోట్లోంచి వచ్చింది వేరు. తనకో తమ్ముడున్నాడని, తొమ్మిదేళ్ళుగా మాటల్లేవని, అదీ రాజకీయాల దగ్గరే చెడిందని అనేశాడు.

ఆ అమ్మాయి ఏడుపు ఆపి, సంచిలోంచి పాత ప్రయోగం పట్టికలు తీసింది. అప్పటికే నాలుగుసార్లు బాబాయ్ మీద ప్రయోగించి ఉంది. రాజకీయాల వల్ల మీ ఇంట్లో ఎవరితోనైనా మాటలు ఆగాయా అని అడిగిన చోట గడులు రెండే, అవును, కాదు. నాలుగుసార్లూ బాబాయ్ ఆ రెంటికీ మధ్యలో ఉన్న ఖాళీలో సున్నా చుట్టి పెట్టాడు. అచ్చులో ఏదో పొరపాటనుకుని ఆ అమ్మాయి వదిలేసిందట.

ఆ తమ్ముడి సంగతి చెప్పాలి. నాలుగు వీధుల అవతల కళ్ళజోళ్ళ షాపు అతనిది. అన్నకంటే అయిదేళ్ళు చిన్న. తొమ్మిదేళ్ళ కిందట, ఎన్నికల ఫలితాలొచ్చిన ఆదివారం, వీళ్ళ మేనమామ ఇంట్లో అందరూ భోజనాలకి కూర్చున్నారు. తమ్ముడు మెచ్చిన పార్టీ ఓడిపోయింది. మామయ్య మెచ్చినది గెలిచింది. మామయ్య మొదట ఎగతాళి చేశాడు, తర్వాత గొంతు పెంచాడు, తమ్ముడు ఏదో సమాధానం చెబితే, నిండు బంతిలో వేలు చూపించి ద్రోహి అన్నాడు. ఇంత తిండి తింటూ దేశానికి ద్రోహం తలపెట్టే రకం అన్నాడు. అందరి చేతులూ ఆగిపోయాయి. తమ్ముడు మామయ్య వైపు చూడలేదు, అన్న వైపు చూశాడు. బాబాయ్ కంచం వైపు చూస్తూ, "నాకీ రాజకీయాలు తెలియవు, ఆ గిన్నె ఇలా జరపండి" అన్నాడు. గిన్నె వచ్చింది. తమ్ముడు లేచి చేయి కడుక్కుని వెళ్ళిపోయాడు.

గొడవ ముదరకుండా కాపాడావని ఆ రోజు బాబాయ్‌ని అందరూ మెచ్చుకున్నారు. ఆయనా అదే అనుకున్నాడు. వాడికి రాజకీయాల పిచ్చి ముదిరింది, నాలుగు రోజులు పోతే చల్లారుతుంది అని ఊరుకున్నాడు. తొమ్మిదేళ్ళు పోయాయి. ఈలోపు తోడికోడళ్ళిద్దరూ రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నారు కాబట్టి, ఎవరికి జలుబు చేసిందో, ఎవరికి పన్ను పీకారో అన్నదమ్ములిద్దరికీ సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. తెలిసి ఇద్దరూ, ఆహా అలాగా అని ఊరుకుంటారు.

ఈ పట్టిక కబురు కూడా ఆ ఫోన్ల మీదుగానే వెళ్ళింది. తమ్ముడు ఒప్పుకున్నాడు. అన్న ఉండే భవనంలోకి మాత్రం రానన్నాడు, కాగితాలు షాపుకే తెమ్మన్నాడు.

బాబాయ్ తన పట్టికలు మిషను మూత మీదే పెట్టుకుని నింపాడు. ఇరవై ప్రశ్నలు అభిప్రాయాల మీద, చివర ఇరవై ఒకటోది వేరేగా ఉంది, అవతలి మనిషి ముందుగా పలకరిస్తే మీరు మాట్లాడతారా అని. సొంత పట్టికలో ఇరవై మూళ్ళు వేయడానికి నిమిషం కూడా పట్టలేదు. కాస్త ఆలోచించి వేయమని దూరాల అమ్మాయి బతిమాలింది. ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి ఇరవై ఒకటోదానికీ మూడే వేశాడు. తర్వాత రెండోది తీసుకున్నాడు, తమ్ముడు ఎలా నింపుతాడో ఊహించాల్సినది. పెన్ను పరిగెత్తింది. అయిదు, ఒకటి, అయిదు, అయిదు, రెండు. ఎక్కడా తడుముకోలేదు. తమ్ముడి మనసు మీకింత బాగా తెలుసా అని ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది. బాబాయ్ తలెత్తకుండా తర్వాతి గడి చుట్టాడు.

తలెత్తకపోవడానికి కారణం ఉంది. అవి తమ్ముడి సమాధానాలే, నిజమే. కానీ అవే ఆయన సొంత సమాధానాలు కూడా. ముప్పై ఏళ్ళుగా, ప్రతి ఎన్నికలోనూ, తెర వెనక్కి వెళ్ళి ఆయన ఓటు వేసేది తమ్ముడు వేసే గుర్తుకే. ఈ సంగతి భార్యకి తెలియదు, మామయ్యకి తెలియదు, పదకొండేళ్ళలో పట్టికలు పట్టుకొచ్చిన అరవైమంది పరిశోధకుల్లో ఒక్కరికీ తెలియదు. దేశంలో మనుషులు ఎందుకు చీలిపోతున్నారో కొలవడానికి వాళ్ళు పాతుకున్న సున్నా రాయి, చడీచప్పుడు లేకుండా ఒక పక్కకి ఒరిగి ఉందన్నమాట.

ఇరవై ఒకటో ప్రశ్న దగ్గర మాత్రం పెన్ను ఆగింది. మీరు ముందుగా పలకరిస్తే ఆ వ్యక్తి మీతో మాట్లాడతారని అనుకుంటున్నారా? బాబాయ్ చాలాసేపు చూశాడు. ఆ సున్నితమైన చోట మూడు వేయడానికి ఆయనకే సిగ్గేసింది. వాడు మాట్లాడడు. మాట్లాడేవాడైతే తొమ్మిదేళ్ళు ఎందుకు ఊరుకుంటాడు. ఒకటి మీద సున్నా చుట్టి, కాగితం బోర్లించి ఇచ్చేశాడు. అలా చుట్టాక ఆ మధ్యాహ్నమంతా ఆయనకి పని మీద మనసు నిలవలేదు. ఎవరికో నలభై పేజీలు తలకిందులుగా తీసిచ్చాడు.

మూడు రోజుల తర్వాత దూరాల అమ్మాయి మొహం కందగడ్డ చేసుకుని దిగింది. పక్కన ఎవరూ లేకుండా చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"నిజం చెప్పండి బాబాయ్. మీరిద్దరూ ముందే కూడబలుక్కున్నారా?"

తొమ్మిదేళ్ళుగా మాటలు లేని మనిషితో కూడబలుక్కోవడం ఎలాగో బాబాయ్‌కి అర్థం కాలేదు. ఆ అమ్మాయి గోడు ఏమిటంటే, ఇరవై ఒక్క జంటల్లో ఎవరూ అవతలివాళ్ళ గురించి సగం కూడా సరిగ్గా ఊహించలేదు. సిద్ధాంతం చక్కగా నడుస్తోంది. ఈ ఒక్క జంట మాత్రం ఒకరినొకరు అద్దంలో చూసుకున్నట్టు నింపారు. ఈయన తమ్ముడి గురించి, తమ్ముడు ఈయన గురించి, ఇరవైకి ఇరవై. ఇంత బాగా తెలిసినవాళ్ళు మాటలెందుకు మానేస్తారు? పరిశోధన చూసే గైడు గారికి చూపిస్తే దొంగ లెక్క అంటారు. "ఒక్క చివరి ప్రశ్న దగ్గరే కాస్త తేడా..." అని, చెప్పకూడనిది చెప్పేశానని గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

ఒకరి సమాధానాలు ఇంకొకరికి తెలియకూడదన్నది వాళ్ళ చదువులో పెద్ద నియమం. అందుకోసం ఆ అమ్మాయి పేర్లు తీసేసి అంకెలు వేసింది, కంప్యూటర్లో తాళం మీద తాళం పెట్టింది, బీరువా తాళంచెవి మెడలో వేసుకుని తిరుగుతోంది. అంత చేసిన మనిషి, పరిశోధన కమిటీకి సాయంత్రంలోగా రెండు సెట్లు కావాలంటూ ఇరవై రెండు జంటల పట్టికలూ తెచ్చి బాబాయ్ చేతిలో పెట్టి, గైడు గారు పిలుస్తున్నారని పైకి పరుగెత్తింది. బాబాయ్ చదవడన్నది ఆ భవనంలో ఎంత పాతుకుపోయిన నమ్మకమంటే, అందులో రెండు కాగితాలు ఆయన తమ్ముడివన్న సంగతి పెద్ద చదువులు చదివిన ఆ బుర్రకి తట్టనే లేదు.

బాబాయ్ కట్ట ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఇరవైకి ఇరవై అంది. అంటే తమ్ముడు తన గురించి వేసినవి అన్నీ మూళ్ళే. ముందు కాస్త నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. ఈ లోకంలో తన అసలు మనసు తెలిసినవాడు ఎవడైనా ఉంటే వాడే. అలాంటివాడు కూర్చుని, మా అన్న ఇలా చెబుతాడని, మూడు, మూడు, మూడు అని ఇరవైసార్లు సున్నాలు చుట్టాడు. మరి చివరిది? తేడా అంది. ఎవరి లెక్క తప్పింది? తమ్ముడి గురించి తను వేసిన ఒకటి తప్పా, తన గురించి తమ్ముడు వేసింది తప్పా? మొదటిదైతే తలుపు తెరిచే ఉంది. రెండోదైతే ఎప్పటికీ మూసుకున్నట్టే. చివరి జంట తమదే కాబట్టి ఆ ముక్క కట్టలో అడుగునుంచి రెండో కాగితంలో ఉంది, తిరగేస్తే చాలు.

తిరగేయబోయాడు కూడా. రెండుసార్లు అంచు పట్టుకుని వదిలేశాడు. తన నియమం కోసమే వదిలేశానని మొదట అనుకున్నాడు. కాసేపటికి అది నిజం కాదని ఆయనకే తెలిసింది. భయమేసి వదిలేశాడు. ఆ రోజు బంతిలో కంచం వైపు చూసింది కూడా శాంతి కోసం కాదు. తలెత్తితే తమ్ముడి కళ్ళు కనిపిస్తాయని. చూడకుండా ఉండడం తనకి చిన్నప్పటినుంచీ బాగా చేతనైన విద్య, దానికి ఈ మెట్ల కింద పదకొండేళ్ళు మెచ్చుకోళ్ళు దొరికాయి. ఆ ఆలోచన ఆయనకి చాలా చేదుగా తగిలింది. అయినా పని పనే కాబట్టి, కాగితాలన్నీ బోర్లించే రెండు సెట్లు తీసి, పిన్నులు కొట్టి, కవర్లో పెట్టి వాచ్‌మన్‌కి ఒప్పజెప్పాడు. ఇప్పుడే వస్తాననే బోర్డు తగిలించి, మధ్యాహ్నం ఎండలో నాలుగు వీధులూ నడిచాడు.

దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాడు. ఆరోగ్యం ఎలా ఉంది, వ్యాపారం ఎలా ఉంది, ఎండలు ముదిరాయి. షాపు గడప ఎక్కేసరికి అన్నీ ఎగిరిపోయాయి. తమ్ముడు బల్ల మీద వంగి ఎవరిదో ఫ్రేముకి సన్న స్క్రూ బిగిస్తున్నాడు. ఆ కళ్ళజోడు తాలూకు పెద్దావిడ ఎదురుగా కూర్చుని ఉంది. కళ్ళజోడు లేక ఎవరొచ్చారో ఆవిడకి కనిపించలేదు కానీ, వినడానికి సిద్ధంగా ఉంది.

"చివరి ప్రశ్నకి ఏం వేశావు?" అన్నాడు బాబాయ్.

తమ్ముడి చేయి ఆగింది. తలెత్తలేదు. "ఏ ప్రశ్న?"

"నేను ముందుగా పలకరిస్తే నువ్వు మాట్లాడతావా అన్నది."

"ఇప్పుడు మాట్లాడుతున్నానుగా."

బాబాయ్ ఒక అడుగు లోపలికి వేశాడు. మాట్లాడవనే వేశానని చెప్పాడు, తప్పు వేశానని చెప్పాడు. కాగితం చేతిలో ఉన్నా చూడకుండా వచ్చానని కూడా చెప్పాడు. చూడవని తెలుసన్నాడు తమ్ముడు. ఆ అమ్మాయి పొద్దున తన దగ్గరికీ వచ్చిందట, అన్నతో ఫోన్లో మాట్లాడి నింపారా అని నిలదీసిందట.

"నాకు అన్నీ మూడే వేశావట్రా."

"ఇంకేం వెయ్యమంటావు? నీ మనసులో ఏముందో నాకు తెలుసు. ఎవరైనా అడిగితే నువ్వేం చెప్తావో కూడా తెలుసు. ఆ పిల్ల అడిగింది రెండోది."

బాబాయ్ పక్కనున్న అద్దాల బీరువా పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళు నోరు దాటని మాట అప్పుడు దాటింది. "నేనూ ఆ గుర్తుకే వేస్తాన్రా. మొదటినుంచీ."

"తెలుసు" అన్నాడు తమ్ముడు, స్క్రూ బిగిస్తూనే. "నీ ఓటు నాకెందుకన్నయ్యా? ఆ రోజు నేను ఓటు అడగలేదు. నీకేసి చూశాను. నువ్వు గిన్నె జరపమన్నావు."

గొడవ ఆపుదామనుకున్నానని బాబాయ్ నసిగాడు.

"ఆగింది. తొమ్మిదేళ్ళు ఆగింది."

పెద్దావిడ పెదవి విరిచి తల అటూ ఇటూ ఊపింది. బాబాయ్ బీరువా వదిలేశాడు. తప్పయిందని చెప్పడం తేలికే, కానీ ఆ తప్పు తమ్ముడి ముందు చేసింది కాదు, నిండు బంతిలో చేసింది. చొక్కా జేబులోంచి ఫోను తీశాడు. నంబరు వెతకడం మొదలుపెట్టాడు. ఎవరికి అని తమ్ముడు అడిగాడు. మామయ్యకి అన్నాడు. తమ్ముడు స్క్రూ డ్రైవరు కింద పెట్టేశాడు.

మామయ్యకి ఇప్పుడు ఎనభై దాటాయి. కోపం అలాగే ఉంది, వినికిడి మాత్రం పోయింది. ఎవరని మూడుసార్లు అడిగాడు. బాబాయ్ పెద్ద మేనల్లుణ్ణని చెప్పి, ఆ రోజు భోజనాల దగ్గర తమ్ముణ్ణి మీరన్న మాట తప్పు అన్నాడు. భోజనమా, అయింది, అన్నాడు మామయ్య. బాబాయ్ గొంతు పెంచాడు. గట్టిగా చెప్పి చావమన్నాడు మామయ్య. షాపులో సిగ్నల్ సరిగ్గా లేదేమోనని బాబాయ్ గడప దాటి వీధిలోకి వచ్చాడు. పదకొండేళ్ళు మూడో గడి దాటి బయటికి రాని మనిషి, నట్టనడి వీధిలో, మిట్టమధ్యాహ్నం, ఊపిరంతా కూడగట్టుకుని అరిచాడు.

"వాడు ద్రోహి కాదు మామయ్యా. నేనూ ఆ పార్టీకే వేస్తాను. ముప్పై ఏళ్ళుగా దానికే వేస్తున్నాను."

ఎదురు షాపులో బట్టలు కొలుస్తున్న మనిషి టేపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. సైకిలు మీద పోతున్నవాడు ఒక కాలు కింద పెట్టి ఆగాడు. బాబాయ్ చెవులు వేడెక్కిపోయాయి. ఆ వీధిలో ఆ పార్టీవాళ్ళు ఎంతమందో, ఈ పార్టీవాళ్ళు ఎంతమందో ఆయనకి తెలియదు. కానీ పారిపోవాలనిపించలేదు. అవతల మామయ్య ఈసారి ఏమిటని అడగలేదు. అర్థమైనట్టుంది.

"అయితే నువ్వూ ద్రోహివేరా" అన్నాడు.

"అవును మామయ్యా" అన్నాడు బాబాయ్. "ఇద్దరం."

మామయ్య ఠక్కున పెట్టేశాడు. బాబాయ్ వెనక్కి తిరిగేసరికి తమ్ముడు గడపలో నిలబడి ఉన్నాడు. వాడి కళ్ళు చెమర్చాయి, దాన్ని దాచుకోవడానికి పెద్దావిడ కళ్ళజోడు తీసి తన చొక్కా అంచుతో తెగ తుడుస్తున్నాడు.

"ఆయనకి సరిగ్గా వినపడిందో లేదో" అన్నాడు తమ్ముడు. "ఇంకోసారి చేసి చెప్పు."

బాబాయ్ మళ్ళీ నంబరు నొక్కాడు.